మూడు తరాల్లో ఎవరు ఎక్కడికి చేరారు? కోవూరు మాగాణి, కనిగిరి మెట్ట ఊళ్ల సర్వేకి ప్రశ్నలు సరిచూడండి

పెన్నా_గట్టు

అందరికీ నమస్కారం. డిగ్రీలో సోషియాలజీ చదివే పిల్లలు నెల్లూరు జిల్లా కోవూరు మండలంలో ఒక మాగాణి ఊరు, ఉమ్మడి ప్రకాశం జిల్లా కనిగిరి అవతల ఒక మెట్ట ఊరు తీసుకుని తాత, తండ్రి, బిడ్డ అనే మూడు తరాల సర్వే చేయబోతున్నారు. కూలి ఇంట్లో పుట్టినవాడు కూలిగానే ఉన్నాడా, పైకి పోయాడా, ఆసామి ఇల్లు కిందికి దిగిందా అనేది తేల్చాలని వాళ్ల ఉద్దేశం. వాళ్లు రాసుకున్న కాగితంలో మొదటి ప్రశ్న 'మీ నెలసరి ఆదాయం ఎంత?'. దాన్ని బట్టి ధనిక, మధ్యతరగతి, పేద అని మూడు వరసలు. ఇది నిలబడుతుందా? భూమి, కౌలు, కులం, ఊరొదిలి పోయినవాళ్లు, వీటిని ఎలా అడగాలో తెలిసినవాళ్లు చెప్పండి. మండలాల పనిమీద తిరిగినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు కదా.

లెక్కల_మాస్టారు

నిలబడదండీ. పల్లెలో ఆదాయం అడిగితే రెండు రకాల జవాబులొస్తాయి. బియ్యం కార్డు పోతుందని తగ్గించి చెప్పేది ఒకటి, పిల్లకు సంబంధం చూస్తున్నాం కాబట్టి పెంచి చెప్పేది ఇంకొకటి. కార్డుకు పల్లెలో నెలకు 10,000 రూపాయలు, పట్నంలో 12,000 లోపు ఉండాలి, మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10 ఎకరాలు దాటకూడదు, కరెంటు 300 యూనిట్లు దాటకూడదు అనేవి అందరికీ కంఠతా వచ్చు. కాగితం పట్టుకుని వచ్చినవాడు ఎవరైనా ఆ లెక్కకే వచ్చాడనుకుంటారు. కార్డు కోసం ఒకే ఇంటిని కాగితం మీద మూడిళ్లు చేసినవాళ్లూ ఉంటారు. అందుకని కార్డును బట్టి ఇల్లు లెక్కపెట్టొద్దు. ఒక పొయ్యి మీద వండుకు తినేవాళ్లంతా ఒక ఇల్లు.

అసలు చిక్కు వేరే ఉంది. తాత ఆదాయం మనవడికి తెలీదు. తాత ఏం పని చేసేవాడో, ఎన్నెకరాలు దున్నేవాడో, బడికి పోయాడో లేదో తెలుసు. కాబట్టి వృత్తి, భూమి, చదువు, ఈ మూడే మూడు తరాలకూ అడగండి. అదీ ఒకే వయసు దగ్గర పట్టుకోవాలి. పాతికేళ్ల కొడుకును అరవై ఏళ్ల తండ్రితో పోలిస్తే కొడుకు ఎప్పుడూ కిందే కనపడతాడు. 'ఆయనకు నలభై ఏళ్లప్పుడు ఏం చేస్తుండేవాడు' అని అడగాలి. ఏళ్లు చెప్పలేకపోతే ఊరికి గుర్తున్న సంగతులు వాడండి: ఎన్టీఆర్ గెలిచిన 1983, కావలి తుఫాను 1989, సారా నిషేధం 1993, సునామీ 2004. 'కావలి తుఫానప్పటికి మీ నాయన ఎవరి పొలంలో చేస్తున్నాడు?' అంటే టక్కున చెప్తారు.

ధనిక, మధ్య, పేద కొట్టేయండి. వృత్తిని ఎనిమిదిగా విడగొట్టండి. పొలం ఉండి కౌలుకిచ్చి బతికేవాళ్లు. సొంత సేద్యం. కౌలు సేద్యం. ఏ రోజుకారోజు కూలి. అడ్వాన్సు తీసుకుని దానికి కట్టుబడి చేసే పని, అంటే పాలేరుతనం, ఇటుక బట్టీ, రొయ్యల గుంటల కాపలా. చేతిపని, చిన్న అంగడి, ఆటో, బేల్దారి (ఇళ్లు కట్టే పని). నెలజీతం. పెద్ద వ్యాపారం, కాంట్రాక్టు. నెలజీతంలో సర్కారు పర్మినెంటు, కాంట్రాక్టు లేదా ఔట్‌సోర్సింగ్, ప్రైవేటు అని మూడు పిల్లకొమ్మలు పెట్టండి. కలెక్టరాఫీసులో పర్మినెంటు అటెండరునూ, అదే ఆఫీసులో ఏజెన్సీ ద్వారా చేరిన కంప్యూటరు ఆపరేటరునూ ఒకే గదిలో పెడితే సర్వే అక్కడే చెడిపోతుంది.

పెన్నా_గట్టు

మాస్టారూ, కౌలుదారును సొంత రైతు పక్కన పెట్టాలా, కూలి పక్కన పెట్టాలా? పిల్లలకు అక్కడే గొడవొచ్చింది.

మాగాణి_అడంగల్

కౌలుదారు అనే ఒక్క మాటలో ఇద్దరున్నారు. ట్రాక్టరు, వరికోత మిషను ఉండి ఇరవై ముప్పై ఎకరాలు ముందే డబ్బు కట్టి తీసుకునేవాడు ఒకడు. పంటయ్యాక పుట్ల లెక్కన ధాన్యం కొలిచిచ్చే ఎకరం, రెండెకరాల వాడు ఇంకొకడు. మొదటివాడు పెట్టుబడిదారు. రెండోవాడు కూలికి అంగుళం ఎడంలో ఉంటాడు. వీళ్లను తేల్చడానికి నాలుగు ప్రశ్నలు చాలు: కౌలు డబ్బా, ధాన్యమా? నాటకముందు కట్టాలా, నూర్పిళ్లయ్యాకా? కోత మిషను ఎవరిది? ఎరువు ఎవరి దగ్గర అప్పు?

ధాన్యం కౌలయితే ఎకరానికి ఎన్ని పుట్లో రాయండి, కానీ నెల్లూరు పుట్టి 850 కిలోలని కాగితం మీదే వేసుకోండి. బస్తాల్లో చెప్తే బస్తా ఎన్ని కిలోలో అడగండి. మొదటి కారు కౌలు, ఎడగారు (రెండో పంట) కౌలు వేరువేరు. ఎడగారుకు కాలవ నీళ్లు వదిలే ఏడు ఒక రేటు, వదలని ఏడు పొలం బీడు. సోమశిల డ్యాములో నీళ్లెన్నున్నాయనే దాన్ని బట్టే కోవూరు కౌలుదారు ఆ ఏడు రైతా, కూలా అన్నది తేలుతుంది. కాబట్టి గత ఏడాది ఒక్కటే అడగొద్దు, మూడేళ్లు అడగండి.

రికార్డు చూసి కౌలుదార్లను వెతుకుదామనుకుంటే దొరకరు. 2011 కౌలుదారుల చట్టంలో రుణ అర్హత కార్డుకు యజమాని సంతకం అక్కర్లేదు. 2019 పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చాక పదకొండు నెలల ఒప్పందం మీద యజమాని సంతకం పెడితేనే కార్డు. భూమి పోతుందన్న భయంతో చాలామంది పెట్టరు. అప్పుడు పంట రుణం, నష్టపరిహారం, ధాన్యం అమ్మకం అన్నీ యజమాని పేరు మీద నడుస్తాయి, చెమట కౌలుదారుది. అందుకే '1బిలో (రెవెన్యూ హక్కుల రికార్డులో) ఎన్నెకరాలు' అనేది ఒక గడి, 'ఈ ఏడు దున్నింది ఎన్నెకరాలు' అనేది ఇంకో గడి. ఈ రెండింటికీ తేడాయే మీ సర్వేలో అన్నిటికన్నా విలువైన అంకె.

మెట్టచేను

మాగాణోళ్లు మాట్లాడుకుంటే మమ్మల్ని మర్చిపోతారబ్బా. కనిగిరి, పామూరు పక్కన పదెకరాలున్నోడు కోవూరు పక్కన పదెకరాలున్నోడు ఒకటే అని రాస్తే మా ఊరంతా భూస్వాములైపోతారు. కార్డు లెక్కలో సర్కారే 3 ఎకరాల మాగాణికి 10 ఎకరాల మెట్ట అంటోంది కదా, కనీసం అదన్నా పెట్టుకోండి. 1973 భూపరిమితి చట్టంలో కూడా మాగాణికి నేలను బట్టి 10 నుంచి 27 ఎకరాలు, మెట్టకు 35 నుంచి 54.

నన్నడిగితే ఎకరాల కంటే బోరు ముఖ్యం. బోరుందా, ఎన్నడుగులు, ఎండాకాలం ఎన్ని గంటలు పోస్తుంది, ఎన్ని బోర్లు ఎండిపొయ్యాయి. మెట్టూళ్లో ఇల్లు కిందికి దిగేది ఎక్కువగా పొలం అమ్మి కాదు, ఒకదాని తర్వాత ఒకటి బోర్లేసి అప్పుల్లో పడి. పొలం అట్నే ఉంటుంది, మనిషి హైదరాబాదులో బేల్దారి పనిలో ఉంటాడు. వాణ్ణి రైతని రాస్తారా, బేల్దారని రాస్తారా?

లెక్కల_మాస్టారు

ఏడాదిలో ఎక్కువ రోజులు ఏ పనిలో గడిపాడో అది ముఖ్య వృత్తి, రెండోది ఉపవృత్తి. రెండూ రాయాలి. బేల్దారిలోనూ మూడు మెట్లున్నాయి: సిమెంటు కలిపిచ్చి మోసే కూలి, తాపీ పట్టిన మేస్త్రీ, ముఠాను తీసుకెళ్లే గుత్తదారు. మెట్ట ప్రాంతంలో ఒక తరంలోనే మనిషి పైకి ఎక్కగలిగిన దారుల్లో అదొకటి కాబట్టి దాన్ని ఒకే గడిలో కుక్కొద్దు.

కొండపి_బ్యారన్

పొగాకు ఊళ్లయితే ఇంకో ఆస్తి ఉంది, భూమి లెక్కలో కనపడదు. అది బ్యారన్ (పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే కొట్టు) లైసెన్సు. పొగాకు బోర్డు దగ్గర రిజిస్టరైన బ్యారన్‌కు ఇంత అని కోటా ఉంటుంది, వేలం కేంద్రంలో ఆ పేరు మీదే బేళ్లు పెట్టాలి. లైసెన్సున్న ఆసామి పొలం చేయడం మానేసి ఒంగోల్లో కాపురం పెట్టినా బ్యారన్ కౌలుకిచ్చుకుంటాడు. తీసుకున్నవాడికి పుల్లల ఖర్చు, కూలి, ధర పడిపోతే నష్టం. కాబట్టి 'బ్యారన్ ఎవరిది, కట్టిందెవరు, లైసెన్సు ఎవరి పేరున' అని మూడు అడగండి. తాత కట్టిన బ్యారన్‌ను మనవడు అద్దెకిచ్చుకుని తింటుంటే మీ లెక్కలో వాడు 'కౌలుకిచ్చి బతికేవాడు' కిందికి రావాలి.

పెన్నా_గట్టు

చాలా ఉపయోగం. ఇప్పుడు పెద్ద ప్రశ్న. ఊళ్లో ఉన్న ఇళ్లకే వెళ్తే, చెన్నైకో బెంగళూరుకో పోయి స్థిరపడినవాళ్లు లెక్కలోకి రారు కదా? పైకి పోయినవాళ్లంతా వాళ్లే.

లెక్కల_మాస్టారు

అదే అన్నిటికన్నా పెద్ద బొక్క. ఊళ్లో మిగిలినవాళ్లనే అడిగితే 'ఎవరూ ఎదగలేదు' అని తేలుతుంది. రెండు మార్గాలున్నాయి.

మొదటిది కష్టమైనది, సరైనది. ఇప్పటి ఇళ్ల నుంచి కాకుండా అప్పటి తాతల నుంచి మొదలుపెట్టండి. 1980ల నాటి ప్రాథమిక పాఠశాల అడ్మిషన్ రిజిస్టరు ఉంటే అందులో తండ్రి పేరు, కులం, చాలాచోట్ల తండ్రి వృత్తి ఉంటాయి. అందులోంచి పేర్లు చీటీలు తీసి, ఒక్కొక్కరూ ఈరోజు ఎక్కడున్నారో పట్టుకోవాలి. హెడ్మాస్టరు రాతపూర్వక అనుమతి లేకుండా ముట్టుకోవద్దు, ఫోటోలు తీయొద్దు. బడికే పోనివాళ్లు ఆ రిజిస్టరులో ఉండరన్నది గుర్తుంచుకోండి. కొన్ని వాడల్లో అప్పట్లో సగం పిల్లలు అందులో లేకపోవచ్చు.

రెండోది మీ పిల్లలకు సాధ్యమయ్యేది. ఇంట్లో ఉన్న మనిషిని తన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అందరి గురించీ అడగడం. ఎక్కడున్నారు, ఏం చేస్తున్నారు, ఎంతవరకు చదివారు, ఏ ఏడు పోయారు. ఒక కుటుంబంలో నలుగురు అన్నదమ్ములుండి ముగ్గురు ఊళ్లోనే ఉంటే అదే కుటుంబం మూడుసార్లు లెక్కకొస్తుంది. అప్పుడు ఒక్కో జవాబుకు మూడో వంతు బరువు వేయాలి. ఇది మర్చిపోతే పెద్ద కుటుంబాల కథే ఊరి కథగా కనపడుతుంది. అన్నదమ్ములంతా ఊరొదిలేసిన ఇల్లు ఈ పద్ధతికీ దొరకదు. తాళం వేసిన ఇళ్ల జాబితా విడిగా రాసి, పక్కింటివాళ్లను వృత్తి మాత్రం అడగండి.

పొదుపు_పుస్తకం

అక్కచెల్లెళ్లు అన్నారు, సంతోషం. కానీ కాగితంలో అంతా తాత, తండ్రి, కొడుకే ఉన్నారు. ఈ రెండు జిల్లాల్లో ఆడవాళ్ల సంగతి ఆ గీతలో ఇమడదు. పుట్టిల్లు ఒక మెట్టు, అత్తిల్లు ఇంకో మెట్టు. అమ్మ పని, అత్త పని, ఆమె పని, మూడూ అడగండి. పెళ్లప్పుడు ఏమిచ్చారని మాత్రం నేరుగా అడగొద్దు, నిజం రాదు. 'ఆ ఏడు పొలం గానీ, గొడ్లు గానీ అమ్మారా, అప్పు చేశారా' అంటే వస్తుంది. పిల్ల పెళ్లికి ఎకరం అమ్మిన ఇల్లు ఎటు జారిందో అక్కడే తెలుస్తుంది.

'ఏం పని చేస్తావమ్మా' అంటే 'ఇంట్లోనే ఉంటా' అంటారు. పాలు పోసేది ఎవరు, నాట్లకు పోతారా, మిరపకాయల కోతకు పోతారా, కుట్టుమిషనుందా అని ఒక్కోటీ అడగాలి. పొదుపు గుంపు అప్పు ఎవరి పేరున తీసుకుని ఎవరు వాడారన్నది కూడా. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం, 1992 దూబగుంట సారా పోరాటం, ఆ వెనకే రోజుకు రూపాయి దాచే పొదుపు లక్ష్మి గుంపులు, ఇవన్నీ మూడు నాలుగేళ్ల ఎడంలో వచ్చాయి. అప్పుడు పలక పట్టిన తల్లి బిడ్డలు ఇప్పుడు నలభైలకు దగ్గర్లో ఉన్నారు. మీ మూడో తరం వాళ్లే. 'అమ్మ సంతకం పెట్టగలదా, ఎప్పుడు నేర్చుకుంది' అనే ఒక్క గడి పెట్టి చూడండి.

యువ_పెన్నేరు

ఇంత తలనొప్పెందుకన్నా. ఇప్పుడు కులమేంది, తరగతేంది, డబ్బుంటే అన్నీ ఉన్నట్టే. ఎవురు ఎంత సంపాదించారో రాసుకోండి చాలు.

గుండ్లకమ్మ

తమ్ముడూ, అదే నిజమైతే లెక్కలో తేలిపోతుంది, భయమెందుకు? ఒకే ఎకరాలు, ఒకే చదువు ఉన్న ఇద్దర్ని పక్కపక్కన పెట్టి మూడు అడుగుదాం. ప్రామిసరీ నోటు మీద ఎంతవరకు అప్పు పుడుతుంది, నూటికి ఎంత వడ్డీ? నూటికి రెండంటే ఏడాదికి 24 శాతం, మూడంటే 36. అడ్వాన్సు లేకుండా పొలం కౌలుకిస్తారా? నెల్లూరులోనో ఒంగోల్లోనో ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడు ఏమడిగారు? ఈ మూడింట్లో తేడా రాకపోతే నీ మాటే నెగ్గింది. తేడా వస్తే, ఆస్తి వేరు, గౌరవం వేరు, పలుకుబడి వేరు అని సోషియాలజీ పండితుడు మాక్స్ వెబర్ ఎందుకు విడగొట్టాడో అర్థమవుతుంది. ఊళ్లో సంఖ్య, భూమి, ఆఫీసుల్లో మనుషులు, ఈ మూడూ ఒకే కులం దగ్గర పోగైతే దాన్ని ఎం.ఎన్. శ్రీనివాస్ ఆధిపత్య కులమన్నారు. కోవూరు ఊళ్లోనూ కనిగిరి ఊళ్లోనూ అది ఒకే కులం కాకపోవచ్చు. అందుకని ముందే ఊహించి రాయొద్దు, తేలనివ్వండి.

పెన్నా_గట్టు గారూ, కులం ఎలా అడగాలన్న దానికి ఇది జవాబు. ఎస్సీ, బీసీ, ఓసీ అని డబ్బాలు పెట్టి టిక్కు కొట్టొద్దు. కులం పేరు వాళ్లు చెప్పిన మాటల్లోనే రాసుకుని, తర్వాత మీరు వర్గంలో వేసుకోండి. 2011 జనగణన ప్రకారం ఉమ్మడి నెల్లూరు, ప్రకాశం జిల్లాలు రెండింట్లోనూ ఎస్సీలు ఐదో వంతుకు పైనే. అంతమందిని ఒక్క గడిలో వేస్తే లోపలి ఎగుడుదిగుళ్లు మాయమవుతాయి. మాదిగ దండోరా ఉద్యమం 1994 జులై 7న మన ఈదుమూడిలో పుట్టింది ఆ ఎగుడుదిగుళ్ల మీదే. 2004లో ఇ.వి. చిన్నయ్య కేసులో సుప్రీంకోర్టు ఎస్సీ కోటాను ఉపకులాల మధ్య పంచే వర్గీకరణను కొట్టేసింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల ధర్మాసనం చేయొచ్చంది. 2025లో మన రాష్ట్రం రెల్లి ఉపకులాలకు 1, మాదిగ ఉపకులాలకు 6.5, మాల ఉపకులాలకు 7.5 శాతంగా పంచింది. బీసీల్లోనూ ఏ 7, బీ 10, సీ 1, డీ 7, ఈ 4 అని ఐదు గదులున్నాయి. ఒక చాకలి ఇంటినీ ఒక గౌడ ఇంటినీ 'బీసీ' అనే ఒక్క మాటలో పెట్టేస్తే ఇక మీకు తెలిసేదేముంది?

ఇంకోటి, ఇది చాలా ముఖ్యం. మతం అడగొద్దు, రాయొద్దు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధులకే ఎస్సీ హోదా. క్రైస్తవం తీసుకున్న ఎస్సీలు మన రాష్ట్రంలో బీసీ-సీ, వాటా ఒక్క శాతం. ఒంగోలు చుట్టుపక్కల ఆదివారం చర్చికి పోయే ఇళ్లు ఏవి, కుల సర్టిఫికెట్టు మీద ఏముందో మీరు రాసి పెట్టారంటే ఆ కాగితం ఎవరి చేతిలోనైనా పడొచ్చు. పిల్లవాడి ఫీజుకూ ఉద్యోగానికీ ముప్పు తెచ్చే గడి మన సర్వేలో ఉండకూడదు.

మతం వదిలేసి బడిని పట్టుకోండి. 1876–78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలవ తవ్వకంలో ఒక ముక్క గుత్తకు తీసుకుని మాదిగలకు పని చూపించాడు, 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. దాని వెనక మిషను బళ్లొచ్చాయి. అందుకని 'మీ ఇంట్లో మొట్టమొదట బడికి పోయింది ఏ తరం' అని అడిగితే కొన్ని కుటుంబాల్లో నాలుగో తరం చదువు కనపడుతుంది, పక్క వీధిలోనే మొదటి తరం కనపడుతుంది. ఒకే కులం, ఒకే కూలి, తేడా అక్కడుంది.

యువ_పెన్నేరు

సరే అక్కా, వడ్డీ ప్రశ్న బాగుంది. అది పెట్టండి.

పెన్నా_గట్టు

పిల్లలు ఒక సులువు మార్గం అడుగుతున్నారు. ఏడాదికి 8 లక్షల ఆదాయం అనే గీతను పై తరగతికి హద్దుగా పెట్టుకోవచ్చా? క్రీమీలేయరూ (బీసీల్లో కోటా రాని పై వరస) అదే, ఈడబ్ల్యూఎస్సూ (ఓసీ పేదల కోటా) అదే కదా.

మాగాణి_అడంగల్

అంకె ఒకటే, లెక్క రెండు. కేంద్రంలో ఓబీసీ క్రీమీలేయరు చూసేటప్పుడు తల్లిదండ్రుల జీతం, వ్యవసాయ ఆదాయం ఆ 8 లక్షల్లో కలపరు. మిగతా ఆదాయం వరసగా మూడేళ్లు దాటితేనే. ఉద్యోగస్థుల పిల్లలకు జీతాన్ని కాదు, హోదాను చూస్తారు: తల్లిదండ్రుల్లో ఒకరు నేరుగా గ్రూప్-ఏలో చేరినా, ఇద్దరూ గ్రూప్-బీ అయినా క్రీమీలేయరే. ఈడబ్ల్యూఎస్‌లో అన్నీ కలుపుతారు, జీతం, సేద్యం, వ్యాపారం, ముందటి ఆర్థిక సంవత్సరం ఒక్కటే. పైగా కేంద్రం లెక్కలో 5 ఎకరాల పొలం, 1,000 చదరపు అడుగుల ఫ్లాటు, ఇంటి స్థలం హద్దులు వేరే. మెట్టచేను గారి ఊళ్లో 5 ఎకరాల ఎండు నేల ఉన్న ఓసీ ఇంటికి కేంద్రం సర్టిఫికెట్టు రాదు, నెల్లూరులో జీతం మీద బతికే భూమిలేని ఇంటికి వస్తుంది. ఇలాంటి గీతను తరగతికి కొలబద్దగా పెట్టొద్దు.

రాపూరు_దారి

గిరిజన కాలనీ గురించి ఎవరూ చెప్పలేదు, నేను చెప్తాను. 2011లో నెల్లూరు జిల్లాలో ఎస్టీలు పదో వంతుకు దగ్గర. అందులో అధికభాగం యానాదులు. వీళ్ల ఇళ్లకు మీ కాగితం అట్లే తీసుకుపోతే పనికిరాదు.

వయసు తెలీదు. పుట్టిన సర్టిఫికెట్టు లేక ఆధార్ లేదు, ఆధార్ లేక బడిలో పేరు లేదు, బడి కాగితం లేక కుల సర్టిఫికెట్టుకు తిప్పలు. ఏడాది దాటిన పుట్టుకను నమోదు చేయించాలంటే మెజిస్ట్రేటు స్థాయి ఉత్తర్వు కావాలి. కాబట్టి ఈ కాలనీలో మొదటి ప్రశ్న వృత్తి కాదు, 'ఇంట్లో ఎవరెవరికి ఏయే కాగితాలున్నాయి'. కాగితం లేని ఇంటికి మెట్లెక్కే మాటే ఉండదు.

రెండోది, 'యానాది' అని రాసి వదలొద్దు. మంచి యానాదులు లేదా రెడ్డి యానాదులు, చల్లా యానాదులు, అడవి యానాదులు అని లోపల విభజనలున్నాయి, ఒకరి చేతి కూడు ఒకరు తినని పాత పట్టింపులు ఉన్నాయి. చెప్తే రాసుకోండి, గుచ్చి అడగొద్దు. నేరస్థ తెగల చట్టం కింద వీళ్లలో కొందరిని దొంగల పట్టీలో పెట్టారు, కప్పరాళ్లతిప్ప సెటిల్‌మెంటు ఆ కాలానిదే. 1952లో ఆ చట్టం పోయింది, పోలీసు భయం పోలేదు. కాగితం, కలం, బయటి మనిషి, ఈ మూడూ కలిసి కనిపిస్తే మగవాళ్లు లేచి పోతారు. వెన్నెలకంటి రాఘవయ్య లాంటివాళ్లు ఏళ్ల తరబడి వీళ్ల మధ్యే పనిచేస్తే గాని నమ్మకం రాలేదు. మీ పిల్లలు ఒక పూట వెళ్లొచ్చి లెక్క తేల్చలేరు. కాలనీలో చదువుకున్న పిల్ల ఎవరైనా ఉంటే ఆమెనే సర్వేలో పెట్టుకుని కూలి ఇవ్వండి.

మూడోది అడ్వాన్సు. గుంటల కాపలా, బట్టీ, జామాయిలు నరుకుడు. 'ఎంత తీసుకున్నారు, ఎంత మిగిలింది, వేరే చోటికి పోవచ్చా, పిల్లలు కూడా చేస్తారా' అనే నాలుగు ప్రశ్నలకు జవాబు చూస్తే అది మామూలు పనా, వెట్టా తెలుస్తుంది. వెట్టి అనిపిస్తే యజమాని ముందు నోరెత్తొద్దు. బయటికొచ్చాక ఆర్డీవోకు లేదా జిల్లా న్యాయసేవాధికార సంస్థకు రాతపూర్వకంగా ఇవ్వాలి. 1976 వెట్టిచాకిరి రద్దు చట్టం కింద విచారించి విడుదల పత్రం ఇస్తారు. అది చేతికొస్తేనే అప్పు రద్దయినట్టు రుజువు, మిగతా సాయానికీ అదే ఆధారం. కేంద్ర పథకంలో తక్షణ సాయం 30,000 వరకు, పునరావాసం మగవాళ్లకు లక్ష, ఆడవాళ్లకూ పిల్లలకూ 2 లక్షలు, ఘోరమైన కేసుల్లో 3 లక్షలు. పెద్ద మొత్తం కేసు తేలితేనే వస్తుంది. విడుదల పత్రం తీసుకోకుండా మనుషుల్ని వ్యానెక్కించి తెచ్చేస్తే నెల తిరక్కుండా అదే గుంట దగ్గరికి చేరతారు, ఎందుకంటే అప్పు కొట్టివేత కాగితం లేదు, తిండికి దారీ లేదు.

సముద్రపొడ్డు

చేపల పల్లెలు మీ రెండూళ్లలో లేవు కాబట్టి నాలుగు మాటలు. ఎప్పుడైనా ఇటొస్తే 'మత్స్యకారుడు' అని రాయొద్దు. పడవ, ఇంజను, వల ఎవరివో విడివిడిగా అడగండి. డీజిలు, ఐసు ఖర్చు తీశాక మిగిలిన దాంట్లో పడవకు ఎన్ని వాటాలు, మనిషికి ఎన్ని అని అడిగితే యజమాని, కూలి తేలిపోతారు. దురాయి (ఊరి కట్టుబాటు) విషయాలు పెద్దకాపుల (ఊరి పెద్దల) అనుమతి లేకుండా అడగొద్దు.

పెన్నా_గట్టు

రాపూరు_దారి గారికి ప్రత్యేకంగా ధన్యవాదాలు. డీకేటీ పట్టాలు (సర్కారు పేదలకు అసైన్ చేసిన భూమి పట్టాలు) ఎలా రాయాలి? కాలనీల్లో చాలామందికి పట్టా ఉంది, పొలం లేదు.

మాగాణి_అడంగల్

మూడు గళ్లు: పట్టా ఉందా, పొలం చూపించారా, ఇప్పుడు దున్నేదెవరు. 1977 చట్టం ప్రకారం అసైన్డు భూమి అమ్మకం చెల్లదు. 2023 సవరణతో ఇరవై ఏళ్లు దాటిన అసలు లబ్ధిదారుకు హక్కు కలిగించారు కానీ తెల్లకాగితం మీద అమ్ముకున్నవి చాలా ఉన్నాయి. 'అమ్మారా' అంటే 'లేదు' అంటారు. 'ఎవరు దున్నుతున్నారు' అంటే చెప్తారు. జవాబు రాసుకోండి, దున్నేవాడి పేరు రాయొద్దు.

తాతల కాలం భూమికి రికార్డు కావాలంటే రైతే నేరుగా సర్కారుకు శిస్తు కట్టిన రైత్వారీ ఊళ్లకు ఆర్‌ఎస్‌ఆర్ (రీసెటిల్‌మెంటు రిజిస్టరు), వెంకటగిరి లాంటి జమీందారీ ఊళ్లకు 1948 ఎస్టేటు రద్దు తర్వాత తయారైన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్. ఆర్‌ఎస్‌ఆర్‌లో పట్టాదారు గడిలో చుక్కలుంటే అదే చుక్కల భూమి, దాన్ని బట్టి ఎవరిదీ కాదని తీర్మానించొద్దు. 2017లో దానికి వేరే చట్టం వచ్చింది.

లెక్కల_మాస్టారు

ఇక లెక్క తీయడం. పిల్లలు శాతాలు వేసి ఆపేస్తారు, అక్కడ మోసపోతారు. ఒక ఊహాపట్టిక చూడండి, అంకెలు కేవలం చూపించడానికి. తండ్రులు వందమంది: కూలి 50, రైతు 40, ఉద్యోగం 10. కూలి కొడుకుల్లో 28 కూలి, 6 రైతు, 16 ఉద్యోగం. రైతు కొడుకుల్లో 7 కూలి, 17 రైతు, 16 ఉద్యోగం. ఉద్యోగి కొడుకుల్లో కూలి లేరు, 2 రైతు, 8 ఉద్యోగం. మొత్తం కొడుకులు కూలి 35, రైతు 25, ఉద్యోగం 40.

తండ్రి గడి దాటినవాళ్లు 47 మంది. సగం ఊరు కదిలిందని సంబరపడొద్దు. సేద్యం, కూలి తగ్గి ఉద్యోగాలు 10 నుంచి 40కి పెరిగాయి కాబట్టి 30 మంది ఎలాగూ కదలాల్సిందే. అది కాలం తెచ్చిన కదలిక. నిజంగా స్థానాలు మారింది మిగతా 17 మందే.

ఇంకా లోతుకు పోండి. కూలి కొడుకులు 16 మంది, రైతు కొడుకులు 16 మంది ఉద్యోగాలకు పోయారు, సమానమే అనిపిస్తుంది. కానీ రైతు కొడుకు ఉద్యోగానికా, కూలికా అంటే 16కు 7. కూలి కొడుక్కు 16కు 28. ఒకదాన్ని ఇంకోదానితో భాగిస్తే 4 వస్తుంది. అంటే కూలి కాకుండా ఉద్యోగంలో పడే అవకాశం రైతు కొడుక్కు నాలుగింతలు. రెండు తరాల్లో ఈ 4 తగ్గుతోందా అన్నదే అసలు ప్రశ్న, శాతం కాదు. గడిలో సున్నా వస్తే భాగించలేరు. అప్పుడు నాలుగు గళ్లకూ అర చొప్పున కలిపి చేయండి.

ఇంత చిన్న నమూనాలో 50 మందిలో 16 అంటే 32 శాతం, కానీ దాని అటూ ఇటూ 13 శాతం వరకు పొరపాటుంటుంది. ఊరిని ఒక్క ముద్దగా తీసుకుంటే గిరిజన కాలనీ నుంచి నాలుగిళ్లే వస్తాయి. అందుకని ఊరు, దళితవాడ, అరుంధతీయవాడ, గిరిజన కాలనీ విడివిడిగా జాబితా రాసి, ఒక్కోదాన్నుంచి కనీసం 30 ఇళ్లు చీటీలేసి తీయండి. 30 లేకపోతే అన్నీ తీసుకోండి. మొత్తం ఊరి అంకె చెప్పేటప్పుడు జనాభా బట్టి బరువులు వేయండి.

చదువును ఏళ్లలో పోల్చొద్దు. తాతల్లో ఐదో తరగతి అంటే ఊళ్లో పై వరస. ఇప్పుడు డిగ్రీ మధ్య వరస. ఆ తరంలో తన స్థానం నూటిలో ఎన్నో వరసో చూడాలి. ఆషర్, నొవొసాద్, రాఫ్కిన్ అనే పరిశోధకులు దేశమంతటికీ ఇట్లాగే వరసల మీద లెక్క వేశారు: ఎస్సీల కదలిక పెరిగింది, ముస్లింలది తగ్గింది, మొత్తం మీద పెద్ద మార్పు లేదు అని తేలింది. ఏళ్ల లెక్కన చూస్తే అందరూ ఎక్కినట్టే కనపడతారు. ఇంటర్ రాసేటప్పుడు సర్కారు కాలేజీయా, ఫీజు కట్టే రెసిడెన్షియలా, గురుకులమా అన్నది తప్పక రాయండి.

మెట్టచేను

జిల్లా అంకెలతో పోల్చేటప్పుడు జాగర్త సామీ. 2011 జనాభా లెక్కలు పాత హద్దులవి. 2022లో కందుకూరు నెల్లూరుకు పోయింది, అద్దంకి, చీరాల బాపట్లకు, గూడూరు తిరుపతికి. మండలం, ఊరు కోడు చూసి పోల్చుకోండి, జిల్లా పేరు చూసి కాదు.

పెన్నా_గట్టు

అన్నీ కలిపితే ఆరు పేజీలయ్యాయి. ఒక ఇంటికి ఎంతసేపు పట్టొచ్చు? ఎప్పుడు వెళ్లాలి?

పొదుపు_పుస్తకం

ముప్పావుగంట దాటితే జవాబులు తప్పుడువి వస్తాయి. ఆరు పేజీలను మూడుకు కోయండి. మాగాణి ఊరికి నాట్లప్పుడు, కోతలప్పుడు పోవద్దు. కనిగిరి వైపు సంక్రాంతికి పోండి, హైదరాబాదు, బెంగళూరు నుంచి అందరూ ఇళ్లకొచ్చి ఉంటారు, అన్నదమ్ములను పక్కవాళ్లను అడగక్కర్లేకుండా వాళ్లనే అడగొచ్చు. ఆడవాళ్ల ప్రశ్నలు ఆడపిల్లలే అడగాలి, అత్తగారు లేనప్పుడు.

గుండ్లకమ్మ

పేరు, డోరు నంబరు ఒక కాగితం మీద, జవాబులు ఇంకో కాగితం మీద, మధ్యలో ఒక అంకె మాత్రమే కలిపేది. రెండూ ఒకే సంచిలో తీసుకెళ్లొద్దు. వాట్సాప్ గ్రూపులో ఒక్క ఫారం ఫోటో కూడా పెట్టకూడదని పిల్లల చేత ముందే సంతకం తీసుకోండి.

రాపూరు_దారి

కాలనీలో పని దొరికే రోజుల్లో పొద్దున ఆరు దాటితే ఎవరూ ఉండరు. సాయంత్రం దీపాల వేళకు పోండి. చీకటి పడ్డాక మగపిల్లలు మాత్రమే ఉండొద్దు. ఇంటికి గంట కూలి లెక్కన ఏదో ఒకటి ఇవ్వండి, ఇచ్చేది అడ్వాన్సు కాదని ముందే చెప్పండి.

పెన్నా_గట్టు

మూడు పేజీల కాగితం తయారు చేసి ఈ దారంలోనే పెడతాను. కౌలు గళ్లు అడంగల్ గారు, బ్యారన్ గళ్లు కొండపి గారు ఒకసారి చూసి పెట్టాలి.

మాగాణి_అడంగల్

పెట్టండి. పుట్టి 850 అని పైన వేయడం మర్చిపోవద్దు.